విసిరితే చేయి ఖాళీ

ఫాంటసీ గేముల్లో కత్తులకు కొదవ లేదు, విల్లులకు లెక్క లేదు. విసిరే ఈటె దగ్గరికొచ్చేసరికి మాత్రం డెవలపర్లు తటపటాయిస్తారు. మనిషికి లక్షల ఏళ్లుగా తెలిసిన ఆయుధాన్ని తెరమీదికి తేవడం ఎందుకింత కష్టం? తెచ్చి మెప్పించిన వాళ్లు ఏం చేశారు?

2011లో వచ్చిన 'స్కైరిమ్' ఫాంటసీ గేముల్లో తిరుగులేని పేరు. డ్రాగన్లున్నాయి, గొడ్డళ్లున్నాయి, గదలున్నాయి, రకరకాల విల్లులున్నాయి. ఈటె మాత్రం లేదు. మరుసటి ఏడాది డిసెంబరులో దానికి 'డ్రాగన్‌బోర్న్' అనే కొనసాగింపు కథ వచ్చింది. అందులో రీక్లింగులనే నీలిరంగు మరుగుజ్జులు ఆటగాడి మీదికి ఈటెలు విసురుతారు. చచ్చిన రీక్లింగు దగ్గర ఈటెను ఆటగాడు తీసుకోవచ్చు. కానీ విసరలేడు. గేమ్ దాన్ని బాణాల జాబితాలో చేర్చేసింది. విల్లుకు సంధించి వదలాల్సిందే!

ఈటెను విల్లుతో వేయడం చూసి అభిమానులు నవ్వుకున్నారు. కొందరు గేమును మార్చే 'మాడ్'లు సొంతంగా తయారుచేసి ఈటెలను జోడించుకున్నారు కూడా. అసలు సంగతి ఏమిటంటే, ఆ గేములో ఆటగాడి చేతికి ఆయుధాన్ని విసిరే కదలికే లేదు. శత్రువుకు ఉంది, నాయకుడికి లేదు. కొత్త ఆయుధం పెట్టడమంటే బొమ్మ గీసి, దెబ్బకో అంకె తగిలించడం కాదని ఆ చిన్న ఈటె చెప్పకనే చెప్పింది.

విల్లు వదిలేది బాణాన్ని. విల్లు చేతిలోనే ఉంటుంది. ఈటె అలా కాదు, విసిరితే ఆయుధమే వెళ్లిపోతుంది. ఆ క్షణం నుంచి మళ్లీ ఏదో ఒకటి చేతికి అందేదాకా వీరుడు నిరాయుధుడు. ఈ ఒక్క తేడాను పట్టించుకున్న గేముల్లో ఈటె రాణించింది. పట్టించుకోని గేముల్లో దూరం తక్కువ, బరువు ఎక్కువ ఉన్న నాసిరకం విల్లుగా మిగిలిపోయింది.

వంద రెట్లు చవక

ఫాంటసీ పోరాట గేములకు తాత 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. 1974లో కాగితాలు, పాచికలతో మొదలైన ఆట అది. 2014లో వచ్చిన దాని ఐదో ఎడిషన్ నియమాల్లో ఈటెకూ విల్లుకూ ఇచ్చిన అంకెలు చూస్తే అసలు చిక్కేమిటో అర్థమవుతుంది. జావెలిన్ అనే విసిరే ఈటె 30 అడుగుల దాకా సూటిగా, తడబాటుతో 120 అడుగుల దాకా వెళుతుంది. పొడవాటి విల్లు బాణం 150 అడుగుల దాకా సూటిగా, 600 అడుగుల దాకా తడబాటుతో వెళుతుంది. దెబ్బలోనూ విల్లుదే పైచేయి. జావెలిన్‌కు ఆరు ముఖాల పాచిక, విల్లుకు ఎనిమిది ముఖాల పాచిక.

అంకెలు ఇంతటితో ఆగితే ఈటెను ఎవరూ ముట్టుకోరు. ఆ ఆట తయారుచేసిన వాళ్లు రెండు తూకాలు వేశారు. మొదటిది ధర. జావెలిన్ ఐదు వెండి నాణేలు, పొడవాటి విల్లు యాభై బంగారు నాణేలు. పది వెండికి ఒక బంగారం లెక్కన వంద రెట్లు తేడా. రెండోది ఒంటి బలం. విల్లుకు చేతి చురుకు కావాలి, జావెలిన్‌కు కండబలం చాలు. ఇనుప కవచం తొడుక్కుని గొడ్డలి తిప్పే మొరటు యోధుడు విల్లు పడితే గురి తప్పుతాడు, అదే జావెలిన్ విసిరితే తన బలమంతా దానికి తోడవుతుంది. దూరం నుంచి కొట్టే దారి లేని పాత్రకు ఒక దారి దొరికింది.

ఈటె విల్లుతో పోటీ పడనక్కర్లేదు. విల్లు పట్టలేనివాడి చేతిలో అది వేరే ఆయుధం.

గురి పైన పెట్టాలి

ఇక భౌతికశాస్త్రం. 800 గ్రాముల ఈటెను గట్టి చేయి సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరిందనుకుందాం. 20 మీటర్ల దూరంలోని గురిని చేరడానికి దానికి దాదాపు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో భూమి దాన్ని 4.9 మీటర్లు కిందికి లాగుతుంది. అంటే సూటిగా గురిచూసి విసిరితే సగం దారి దాటగానే మట్టి కరుస్తుంది. గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్కేసినా, సుమారు 15 డిగ్రీలు పైకెత్తి విసిరితే తప్ప గురికి చేరదు. మామిడికాయను రాయితో కొట్టే పిల్లలకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. కాయకు ఎంత పైన గురిపెట్టాలో వాళ్ల భుజానికే తెలుసు.

అదే 60 గ్రాముల బాణం సెకనుకు 55 మీటర్ల వేగంతో వెళితే 20 మీటర్లను మూడో వంతు సెకనుకు కాస్త ఎక్కువలో దాటేస్తుంది. కిందికి జారేది 65 సెంటీమీటర్లే. గురి సులువు, దారి దాదాపు తిన్నన.

తగిలాక మాత్రం కథ తిరగబడుతుంది. ఈ బాణం మోసుకెళ్లే శక్తి 90 జౌళ్లు, ఈటెది 160 జౌళ్లు. ఎదుటివాడిని వెనక్కి నెట్టే ద్రవ్యవేగంలో ఈటె దాదాపు ఐదు రెట్లు ముందుంటుంది. బాణం గుచ్చుకుంటుంది. ఈటె గుచ్చుకోవడమే కాదు, నిలబడ్డవాడిని తూలిపోయేలా చేస్తుంది. గేములో ఈటెకు ఇవ్వాల్సిన గుణాలు ఈ లెక్కలోనే ఉన్నాయి. గురి కష్టంగా ఉండాలి, తగిలితే దెబ్బ ఘనంగా ఉండాలి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఈటె గాల్లో ఉన్న ఆ సెకనులో, పరుగెత్తే శత్రువు ఐదు మీటర్లు జరిగిపోతాడు. కాబట్టి ఇప్పుడున్న చోటికి కాదు, ఉండబోయే చోటికి విసరాలి. ఆటగాడి నైపుణ్యానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

రోమన్లు ముందే ఆడేశారు

గేమ్ డిజైనర్లు తలపట్టుకునే ప్రశ్నలకు చరిత్రలో జవాబులు దొరుకుతాయి. జర్మనీలోని షోనింగెన్ బొగ్గు గనిలో 1990లలో బయటపడ్డ చెక్క ఈటెల వయసు లక్షల ఏళ్లని అంచనా. వాటి నమూనాలను చెక్కించి, జావెలిన్ క్రీడాకారులతో విసిరించి చూసిన బ్రిటన్ పరిశోధకులు 2019లో ఫలితాలు ప్రచురించారు. 20 మీటర్ల దూరంలోని వేటను కూడా ఆ ఈటెలు కూల్చగలవని తేల్చారు. విల్లు పుట్టడానికి ఎంతో ముందే మనిషికి దూరం నుంచి కొట్టడం తెలుసన్నమాట.

చేతి పొడవు చాలక మనిషి ఉపాయాలు కూడా పన్నాడు. ఈటె వెనక కొసకు తగిలించి విసిరే కొక్కెం కర్రను మెక్సికోలో అజ్టెకులు 'అట్లాట్ల్' అన్నారు. ఆస్ట్రేలియా ఆదివాసుల దగ్గర అలాంటిదే 'వూమెరా'. ఫ్రాన్సులో దొరికిన ఇలాంటి పరికరం దాదాపు 17 వేల ఏళ్ల నాటిది. గ్రీకులు ఈటె కర్రకు తోలు పట్టీ చుట్టి, వేలు దూర్చి విసిరేవారు. పట్టీ విప్పుకుంటూ ఈటెకు వేగాన్నీ, గిరగిరా తిరిగే నిలకడనూ ఇచ్చేది. ఆటగాడు దశలవారీగా సంపాదించుకునే 'అప్‌గ్రేడ్'లు ఇలా చరిత్రలో సిద్ధంగా ఉన్నాయి.

యుద్ధంలో ఈటె సత్తా చూపిన రోజు క్రీ.పూ. 390లో గ్రీసులోని లెకేయం దగ్గర వచ్చింది. దాదాపు 600 మంది స్పార్టా పదాతి సైనికులు బరువైన డాళ్లతో, పొడవాటి బల్లేలతో నడిచిపోతున్నారు. ఏథెన్స్ సేనాని ఇఫిక్రటీస్ తేలికపాటి ఈటె యోధులను వాళ్ల మీదికి వదిలాడు. దగ్గరికొస్తారు, విసురుతారు, తరిమితే పారిపోతారు, తిరగ్గానే మళ్లీ వస్తారు. బరువు మోస్తున్న స్పార్టన్లు వాళ్లను అందుకోలేకపోయారు. సుమారు 250 మంది చనిపోయారని గ్రీకు చరిత్రకారుడు జెనొఫోన్ రాశాడు. గ్రీసులో తిరుగులేదనుకున్న సైన్యానికి అదో తలవంపు.

విసిరిన ఈటెను శత్రువు ఏరుకుని తిరిగి విసిరితే? గేముల్లో ఇప్పటికీ తెగని వాదన ఇది. రోమన్లు దీన్ని లోహంతోనే పరిష్కరించారు. వాళ్ల తేలికపాటి సైనికుల ఈటె మొన చాలా సన్నగా ఉండి తొలి దెబ్బకే వంగిపోయేదనీ, లేకుంటే అది రెండు పక్షాలకూ పనికొచ్చేదనీ చరిత్రకారుడు పాలీబియస్ వివరించాడు. రోమన్ సేనాని మేరియస్ మరో అడుగు ముందుకేశాడు. ఇనుప కడ్డీని కర్రకు బిగించే రెండు ఇనుప మేకుల్లో ఒకదాని బదులు చెక్క మేకు పెట్టించాడు. తగలగానే చెక్క మేకు విరుగుతుంది, కర్ర వేలాడుతుంది, డాలు పట్టుకున్నవాడు దాన్ని ఈడ్చుకుంటూ తిరగాలి. ఈ సంగతి మేరియస్ జీవితచరిత్రలో గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు.

క్రీ.పూ. 58లో హెల్వెటీ తెగతో జరిగిన పోరును జూలియస్ సీజర్ స్వయంగా వర్ణించాడు. రోమన్ ఈటెలు ఒకదానిమీద ఒకటి పట్టుకున్న డాళ్లను కలిపి గుచ్చేశాయి. వంగిన ఇనుమును పీకలేక, ఎడమ చేయి కదలక, చాలామంది డాళ్లు పారేసి ఒట్టి ఒంటితో పోరాడారట. ఈటె ఇక్కడ మనిషిని చంపలేదు. అతని రక్షణను ఊడగొట్టింది, మిగతా పని కత్తి చూసుకుంది.

పెద్ద జంతువుల మీద ఈటెకున్న పట్టు మరో పాఠం. క్రీ.పూ. 202లో జామా దగ్గర కార్తేజ్ సేనాని హానిబల్ 80కి పైగా ఏనుగులను ముందు నడిపించాడు. రోమన్లు దళాల మధ్య సందులు వదిలి, ఏనుగులను అందులోకి మళ్లించి ఈటెలతో కొట్టారు. ఏనుగును కూల్చిన ఆయుధం గేములో డ్రాగన్ మీద పనిచేయదా?

ఎవరు ఎలా కట్టారు

1999లో వచ్చిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' ఈటెకు ఆర్థికశాస్త్రం నేర్పింది. అందులో ఈటె విసిరేవాడు స్కర్మిషర్. విలుకాడిని తయారుచేయడానికి 25 కలప, 45 బంగారం ఖర్చవుతుంది. స్కర్మిషర్‌కు 25 ఆహారం, 35 కలప చాలు, చిల్లిగవ్వ బంగారం అక్కర్లేదు. మామూలుగా అతని దెబ్బ బలహీనమే. విలుకాళ్ల మీద మాత్రం అదనపు దెబ్బ పడుతుంది, వాళ్ల బాణాలు అతని మీద అంతగా పనిచేయవు. కత్తి పట్టిన గుర్రపు రౌతు వస్తే మాత్రం స్కర్మిషర్ పని అయిపోయినట్టే. పాతికేళ్లు దాటినా ఈ లెక్క నిలబడే ఉంది.

ఎవరైనా ఉచితంగా ఆడుకోగల 'బాటిల్ ఫర్ వెస్నాత్' అచ్చమైన ఫాంటసీ గేమ్. 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టాడు. ఇందులో ఈటె యోధుడు దగ్గరి పోరులో ఒక్కో దాడికి మూడుసార్లు పొడుస్తాడు, దూరం నుంచి ఒక్కసారే విసురుతాడు. విలుకాడు మూడు బాణాలేస్తాడు. ఒక్క ఈటె ఏపాటిదని కొట్టిపారేయొద్దు. ఈ గేములో దూరపు దాడికి దూరపు ఆయుధంతోనే బదులివ్వాలి. అది లేనివాళ్లు నిలబడి దెబ్బలు తింటారు. ఈటె యోధుడు కనీసం ఒక్కటైనా తిరిగి విసురుతాడు. అతను ఎదిగితే కత్తివీరుడో, పొడవాటి బల్లెం పట్టేవాడో, పూర్తిగా జావెలిన్ యోధుడో కావచ్చు. ఎటు వెళ్లాలో ఆటగాడి ఇష్టం.

తుర్కియే రాజధాని అంకారాలోని టేల్‌వరల్డ్స్ సంస్థ 2010లో విడుదల చేసిన 'మౌంట్ అండ్ బ్లేడ్: వార్‌బ్యాండ్' ఇంకో మార్గం పట్టింది. ఈటెలు కట్టలుగా దొరుకుతాయి, కట్టలో ఉండేవి కొన్నే. వాటిని విసరొచ్చు, లేదా ఒక మీట నొక్కి అదే ఈటెతో పొడవొచ్చు. బలం పెరిగే కొద్దీ 'పవర్ త్రో' నైపుణ్యం పెంచుకోవచ్చు. పరుగెత్తే గుర్రం మీంచి విసిరితే గుర్రం వేగం కూడా దెబ్బకు తోడవుతుంది. చివరి ఈటె విసరాలా, పొడవడానికి ఉంచుకోవాలా? గుర్రం మీద దూసుకెళుతూ ఆటగాడు తేల్చుకోవాల్సిన ప్రశ్న అది.

2021లో వచ్చిన స్వీడన్ గేమ్ 'వాల్‌హైమ్' ఆ ప్రశ్నను మరింత పదును చేసింది. అక్కడ ఈటె ఒక్కటే. దాంతోనే పొడవాలి, దాన్నే విసరాలి. విసిరాక నడిచివెళ్లి తెచ్చుకోవాల్సిందే. ఈటె పడ్డ చోట రాక్షసుడు నిలబడి ఉంటే అటు నడవడం ఎంత కష్టమో ఆడినవాళ్లకు తెలుసు.

'మైన్‌క్రాఫ్ట్' 2018 జులైలో సముద్ర అప్‌డేట్‌తో త్రిశూలాన్ని తెచ్చింది. అన్నీ తయారుచేసుకునే ఆ గేములో త్రిశూలాన్ని తయారుచేసుకునే వీలు లేదు. నీట మునిగిన ప్రేతాలను చంపితే అరుదుగా దొరుకుతుంది. విసిరితే పోతుందేమోనన్న భయానికి 'లాయల్టీ' మంత్రం విరుగుడు. త్రిశూలం దానంతటదే చేతికి తిరిగొస్తుంది. వాననో నీటినో ఆసరా చేసుకుని విసిరినవాడినే ముందుకు లాక్కెళ్లే మంత్రం 'రిప్‌టైడ్'. ఉరుముల వానలో తగిలినవాడి మీద పిడుగు పడేసేది 'చానెలింగ్'.

ఖాళీ చేతి సమస్యకు 2022 నవంబరులో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్' పురాణంలోనే జవాబు వెతుక్కుంది. నార్స్ గాథల్లో ఓడిన్ దేవుడికి ద్రౌప్నిర్ అనే ఉంగరం ఉంది. ప్రతి తొమ్మిదో రాత్రి దాన్నుంచి అలాంటివే ఎనిమిది ఉంగరాలు పుడతాయి. గేమ్ రచయితలు ఆ ఉంగరంతో కథానాయకుడు క్రాటోస్‌కు ఈటె చేయించారు. ఎన్నిసార్లు విసిరినా కొత్తది పుడుతుంది. గుచ్చుకున్న ఈటెలన్నిటినీ ఒక్కసారిగా పేల్చొచ్చు. గోడకు గుచ్చి దాన్ని పట్టుకుని ఊగుతూ అవతలికి దాటొచ్చు. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన 'హేడిస్'లో ఈటెను విసిరి, మళ్లీ మీట నొక్కి వెనక్కి పిలవాలి. తిరిగొచ్చే దారిలో ఉన్న శత్రువులకూ దెబ్బ తగులుతుంది. ఈటె, శత్రువు, ఆటగాడు ఒకే గీత మీదికి వచ్చేలా నిలబడటం అక్కడి కళ.

జట్లుగా తలపడే గేములూ తలో గుణం ఏరుకున్నాయి. 'లీగ్ ఆఫ్ లెజెండ్స్'లో నిడలీ విసిరిన ఈటె ఎంత దూరం వెళ్లి తగిలితే అంత గట్టి దెబ్బ. అదే గేములో కలిస్టా ఒకదాని తర్వాత ఒకటి ఈటెలు గుచ్చుతూ పోయి, చివరికి అన్నిటినీ ఒక్కసారే పీకేస్తుంది. 'డోటా 2'లో మార్స్ విసిరిన ఈటె శత్రువును మోసుకెళ్లి చెట్టుకో గోడకో గుచ్చి నిలబెడుతుంది. అందులోనే హస్కర్ ఈటెలకు ధర అతని సొంత ప్రాణశక్తి.

అర మీటరు గండం

వినడానికి బాగానే ఉంది. కోడ్ రాసేటప్పుడే అసలు తిప్పలు. సెకనుకు 60 ఫ్రేములు గీసే గేములో, సెకనుకు 30 మీటర్ల వేగంతో వెళ్లే ఈటె ఒక్కో ఫ్రేముకు అర మీటరు దూకుతుంది. డాలు మందం సెంటీమీటరో రెండో. ఈ ఫ్రేములో డాలుకు ఇవతల, తర్వాతి ఫ్రేములో అవతల. మధ్యలో తగిలిన సంగతి కంప్యూటర్‌కు తెలియనే తెలియదు. అందుకే రెండు స్థానాల మధ్య దారంతా తడిమి చూసే పద్ధతి వాడాలి. అది మరిస్తే ఈటెలు గోడల్లోంచి దూరిపోతాయి.

గాల్లో ఈటె మొన ఎటు తిరిగి ఉండాలన్నది రెండో చిక్కు. విసిరినప్పటి కోణంలోనే బిగుసుకుపోయి దిగితే కర్రముక్క పడ్డట్టుంటుంది. గేముల తయారీకి వాడే అన్‌రియల్ ఇంజిన్‌లో వేగం దిశను అనుసరించి వస్తువును తిప్పే సదుపాయం సిద్ధంగా ఉంది. దాన్ని ఆన్ చేస్తే ఈటె పైకెళ్లేటప్పుడు మొన పైకి, దిగేటప్పుడు మొన కిందికి తిరుగుతుంది. చిన్న మార్పే, కంటికి కనిపించే తేడా మాత్రం పెద్దది.

మూడోది చేయి. విసిరే మనిషి ఒళ్లంతా పనిచేస్తుంది. అడుగులు కలుస్తాయి, నడుము వెనక్కి తిరుగుతుంది, ముందు కాలు నేలకు తన్నిపెట్టుకుంటుంది, చివరికి భుజం, మోచేయి, మణికట్టు ఒకదాని వెంట ఒకటి విడుదలవుతాయి. గేములో ఈ కదలికను పూర్తిగా చూపిస్తే ఆటగాడికి విసుగు, మరీ కుదిస్తే బొమ్మ చేయి ఆడించినట్టు ఉంటుంది. మీట నొక్కి పట్టుకుంటే చేయి వెనక్కి వెళ్లడం, వదిలితే విసరడం అనే పద్ధతి అందుకే స్థిరపడింది. పట్టుకున్నంతసేపూ నడక నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదే ఈటెకు అసలు ధర.

గుచ్చుకున్న ఈటె శత్రువు ఒంటితోపాటు కదలాలంటే దాన్ని అతని ఎముకల చట్రంలో ఏదో ఒక ఎముకకు అతికించాలి. యాభై మంది ఆడే మైదానంలో ఇలా పడి ఉన్న ఈటెలు వందల్లో పోగుపడితే కంప్యూటర్ ఆయాసపడుతుంది. పాతవాటిని మాయం చేయాలి. ఆటగాడు ఏరుకోవడానికి వెళుతున్న ఈటె కళ్లముందే మాయమైతే మాత్రం తిట్లు తప్పవు. ఎవరి ఈటెలు వాళ్లకు మెరుస్తూ కనిపించేలా, వాటికి కొంచెం ఎక్కువ గడువు ఉండేలా చూస్తే ఆ గొడవ తగ్గుతుంది.

ఎన్ని ఇవ్వాలి?

అంకెల దగ్గరికి వస్తే, రోమన్ సైనికుడు రెండు ఈటెలు మోసేవాడని పాలీబియస్ చెప్పిన మాట గేమ్ డిజైనర్‌కు పనికొస్తుంది. 25 మీటర్ల దూరం నుంచి సెకనుకు ఐదు మీటర్ల వేగంతో శత్రువు పరుగెత్తుకొస్తే మీదపడటానికి ఐదు సెకన్లు. ఒక్కో విసురుకు రెండు సెకన్లు అనుకుంటే రెండు ఈటెలు విసరొచ్చు. మిగిలిన సెకను కత్తి దూయడానికి సరిపోతుంది. మూడోది ఇచ్చినా విసిరే తీరిక ఉండదు. దూరం, వేగం, సంఖ్య అనే ఈ మూడిట్లో ఒకటి మార్చితే మిగతావాటినీ సరిచూసుకోవాల్సిందే.

అదుపు తప్పిన ఆయుధానికి కళ్లెం వేయడం గేములకే పరిమితం కాదు. 1984 జులైలో తూర్పు జర్మనీ క్రీడాకారుడు ఉవే హోన్ బెర్లిన్‌లో జావెలిన్‌ను 104.80 మీటర్లు విసిరాడు. ఇలాగే పెరుగుతూ పోతే స్టేడియం చాలదు. పైగా నేలకు సమాంతరంగా జారుతూ దిగే ఈటె ఎక్కడ తగిలిందో తేల్చడమూ కష్టమైంది. అందుకే 1986 నుంచి పురుషుల జావెలిన్ గురుత్వ కేంద్రాన్ని నాలుగు సెంటీమీటర్లు ముందుకు జరిపారు. మొన ముందుగా కిందికి వంగడం మొదలైంది, దూరాలు తగ్గాయి, రికార్డులు మళ్లీ మొదటి నుంచి లెక్కించారు. ఇప్పటి ప్రపంచ రికార్డు 1996లో చెక్ వీరుడు యాన్ జెలెజ్నీ విసిరిన 98.48 మీటర్లు. టోక్యో ఒలింపిక్స్‌లో నీరజ్ చోప్రాకు స్వర్ణం తెచ్చిన 87.58 మీటర్లూ ఈ మారిన ఈటెతోనే. గేమర్లు 'నెర్ఫ్' అని పిలిచే పని ఇదే. బలం తగ్గించారు, ఆట బతికింది.

జావెలిన్ పోటీల్లో కనిపించేది కసరత్తు చేసిన క్రీడాకారుడు ఖాళీ మైదానంలో పరుగెత్తి విసిరే దూరం. కవచం తొడుక్కుని, డాలు పట్టుకుని, కదిలే శత్రువు మీదికి విసిరే దూరం అందులో నాలుగో వంతు ఉంటే గొప్ప. ఫాంటసీ గేములో వీరుడు 90 మీటర్లు విసిరితే అబ్బురంగా ఉంటుందేమో కానీ, విలుకాడికి పని లేకుండా పోతుంది.

కర్ణుడి చేతిలో ఒకే ఒక్కటి

ఒక్కసారే పనిచేసే ఆయుధం ఎంతటి ఉత్కంఠను మోయగలదో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కవచకుండలాలు కోసి ఇచ్చినందుకు ఇంద్రుడు కర్ణుడికి శక్తి అనే ఈటెను ఇచ్చాడు. ఒక్కరిని చంపి తిరిగి ఇంద్రుడిని చేరుతుందన్నది నియమం. కర్ణుడు దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. పద్నాలుగో రోజు రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు కౌరవ సేనను చెండాడుతుంటే, అందరూ మొత్తుకోగా దాన్ని అతని మీద విసరక తప్పలేదు. ఘటోత్కచుడు కూలాడు, అర్జునుడు బతికాడు, కర్ణుడి చేయి ఖాళీ అయింది. ద్రోణపర్వంలోని ఈ ఘట్టాన్ని తెలుగులో తిక్కన చెప్పాడు. ఏ గేమ్ డిజైనర్ అయినా ఇంతకంటే పదునైన నియమం రాయగలడా?

రామాయణంలో లక్ష్మణుడిని కూల్చిందీ రావణుడు విసిరిన శక్తే. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఆయుధాల అధ్యాయంలో శక్తి, ప్రాసం, కుంతం, భిండిపాలం, శూలం, తోమరం అంటూ మొనగల ఆయుధాలను వరసగా చెబుతుంది. శ్రీకృష్ణదేవరాయల కాలంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, మహానవమి కవాతులో రౌతులు పట్టుకున్న ఈటెల కర్రలకు బంగారు, వెండి తొడుగులు ఉన్నాయని రాశాడు. ముడిసరుకు మనింట్లోనే ఇంత ఉంది.

పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ జట్టు 2020లో 'రాజీ' అనే గేమ్ తెచ్చింది. అందులో తమ్ముడి కోసం రాక్షసులతో పోరాడే అమ్మాయికి దుర్గమ్మ ఇచ్చిన ఆయుధం త్రిశూలం. మన గాథలతో, మన శిల్పాలతో ఫాంటసీ గేమ్ కట్టొచ్చని అది చూపింది. ఈటెను కథకు కేంద్రంగా పెట్టి, విసరాలా వద్దా అన్న సందిగ్ధం చుట్టూ కట్టిన భారతీయ గేమ్ వస్తే దానికి చెప్పుకోవడానికి చాలా ఉంటుంది.

ఇంజనీరింగ్ కాలేజీల్లో, చిన్న చిన్న స్టూడియోల్లో గేములు కడుతున్న తెలుగు కుర్రకారుకు ఒక మాట. మీ గేములో ఈటె పెట్టాలనుకుంటే విల్లు కోడ్‌ను కాపీ కొట్టి బాణం బొమ్మ మార్చకండి. వీరుడికి రెండే ఈటెలివ్వండి. విసిరినప్పుడు చేయి ఖాళీగా కనిపించనివ్వండి. డాలుకు గుచ్చుకుంటే డాలు బరువెక్కాలి, పెద్ద జంతువుకు తగిలితే అది తడబడాలి, తప్పితే నడిచివెళ్లి తెచ్చుకోవాలి. దెబ్బ ఎంత అన్న అంకెను చిట్టచివర వేసుకోండి. ముందు నలుగురు స్నేహితులకు ఇచ్చి ఆడించండి. చివరి ఈటె చేతిలో ఉన్నప్పుడు వాళ్లు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే మీ ఆయుధం సిద్ధమైనట్టు. ఆలోచించకుండా విసిరేస్తుంటే మళ్లీ కూర్చుని మార్చండి.